పుట్టుక చూసి పంతులుకు మార్కులేస్తారా?

గల్ఫ్‌లో ఇంగ్లీషు చెబుతున్న మన తమ్ముడొకడు ఆమధ్య మాకో పెద్ద ఉత్తరం రాశాడు. పేరూ ఊరూ వెయ్యొద్దన్నాడు కాబట్టి వెయ్యడం లేదు. మాదిగపల్లెలో పుట్టి, సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివి, ఇంగ్లీషు ఎం.ఏ., ఆపైన బి.ఇడి. చేసి, పన్నెండేళ్ళు ఇక్కడే పాఠాలు చెప్పినవాడు. ఇల్లు కట్టిన అప్పు తీరక అక్కడికి పోయాడు. ఉత్తరంలో సగం ఏడుపు, సగం కోపం.

సంగతేంటంటే, వాళ్ళ స్కూల్లోనే, పక్క గదిలోనే, ఇంగ్లండు నుంచి వచ్చిన కుర్రాడొకడు అదే ఇంగ్లీషు చెబుతాడట. వయసు ఇరవై నాలుగు. చదివింది భూగర్భశాస్త్రం. పాఠం చెప్పడం నేర్చుకున్నది నాలుగంటే నాలుగు వారాలు. జీతం మాత్రం మనవాడి జీతానికి రెండింతల పైమాటే. “అన్నా, వాడు టీచరేంటన్నా? పాసివ్ వాయిస్ అంటే ఏంటని పిల్లవాడడిగితే నన్నడిగి పోయి చెప్పాడు. వాడికి ఇల్లిచ్చారు, విమానం టికెట్టిచ్చారు. నాకు ముగ్గురితో కలిపి ఒక గది” అని రాశాడు.

అడగాల్సిన మాటే అడిగాడు. కానీ అదే ఉత్తరం చివర్లో ఇంకో మాట కూడా రాశాడు. “ఇక్కడొక ఫిలిప్పీన్స్ ఆమె ఉంది. ఆమె ఇంగ్లీషు వింటే నవ్వొస్తుంది. ‘ఫ’ పలకలేదు, ‘ప’ అంటుంది. అలాంటి దాన్నీ నన్నూ ఒకే గాటన కట్టారు, అదే నాకు అవమానం.”

ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చదివాక మేము ఊరుకోలేకపోయాం. జవాబు ఒక్కడికి రాసి వదిలెయ్యాల్సింది కాదనిపించింది. మన వాడల్లోంచి టీచర్లు దేశాలకి పోతున్నారు. రేపు మీ బిడ్డా పోతాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

మొదట ఆ తెల్ల కుర్రాడి సంగతి చూద్దాం. అతనికి ఆ ఉద్యోగం చదువు చూసి ఇచ్చారా? లేదు. పాస్‌పోర్టు చూసి ఇచ్చారు. ఇది ఒక్క గల్ఫ్ సంగతి కాదు. దక్షిణ కొరియా చూడండి. అక్కడ ఇంగ్లీషు చెప్పడానికి ఇచ్చే ఇ-2 వీసా ఏడు దేశాల వాళ్ళకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా. ఆ ఏడింట్లో ఒక దేశం పాస్‌పోర్టు ఉంటే డిగ్రీ ఏ సబ్జెక్టులోనైనా సరే. వ్యవసాయం చదివినా సరే, సంగీతం చదివినా సరే. 2010 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన భారత–కొరియా వాణిజ్య ఒప్పందంలో మన దేశం వాళ్ళకీ ఒక చిన్న కిటికీ తీశారు. అయితే మనవాళ్ళకి ఇంగ్లీషులోనే డిగ్రీ ఉండాలి, దానిపైన టీచరు లైసెన్సు కూడా ఉండాలి. రెండూ ఉన్నా దొరికేది బడిలో సహాయక టీచరు పనే. చైనా 2017లో నిబంధనలు బిగించింది. భాష చెప్పేవాడు మామూలుగా తన మాతృభాషే చెప్పాలట. జపాన్‌లో 1987 నుంచి నడుస్తున్న జెట్ పథకం కింద బడుల్లో ఇంగ్లీషు సహాయకుడిగా పోవాలంటే ఏదో ఒక డిగ్రీ చాలు, టీచరు ట్రైనింగు తప్పనిసరి కాదు.

అంటే ఏంటి? కొందరికి పుట్టుకే పట్టా. మిగిలిన వాళ్ళకి పట్టా ఉన్నా పుట్టుక అడ్డం. ఈ లెక్క ఎక్కడో విన్నట్టు లేదూ? మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మంత్రం నోటికి రాకపోయినా పూజారి కొడుకు పూజారే. మంత్రాలన్నీ వచ్చినా మాలోడు గుడి బయటే.

పోనీ ఇంగ్లీషు ఇంటి భాషగా పుట్టినవాడే మంచి టీచరు అన్న మాటకి ఆధారం ఏమైనా ఉందా? 1961లో ఉగాండాలోని మకెరెరేలో కామన్వెల్తు దేశాల వాళ్ళు ఇంగ్లీషు బోధన మీద ఒక పెద్ద సభ పెట్టారు. అప్పుడప్పుడే స్వాతంత్ర్యం వస్తున్న దేశాల్లో ఇంగ్లీషు ఎలా చెప్పాలో మాట్లాడుకున్నారు. అక్కడ బలపడ్డ నమ్మకాల్లో ఇదీ ఒకటని రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో ‘లింగ్విస్టిక్ ఇంపీరియలిజం’ అనే పుస్తకం రాసి ఎండగట్టాడు. అది వట్టి భ్రమ అని తేల్చాడు. ఆయనా బ్రిటన్‌వాడే. ఇంగ్లీషు టీచర్ల అంతర్జాతీయ సంఘం టెసోల్ కూడా, పుట్టుభాష చూసి ఉద్యోగాల్లో తేడా చెయ్యడం తప్పని 2006లో ప్రకటన ఇచ్చింది. ప్రకటన ప్రకటనే, నడిచేది నడుస్తూనే ఉంది.

మన అనుభవం చెబుతున్నాం వినండి. ఈత పుట్టుకతో వచ్చిన చేప మనకి ఈత నేర్పలేదు. మునిగి, నీళ్ళు మింగి, పైకి తేలినవాడు నేర్పుతాడు. ఇస్కూలు అన్నవాడే స్కూలు అనడం నేర్చుకుని ఉంటే, ఇస్కూలు అనే పిల్లాడి నాలుక ఎక్కడ తడబడుతుందో వాడికి తెలుస్తుంది. అరబ్బు పిల్లలకి వాళ్ళ భాషలో ‘ప’ లేదు, అందుకే పెన్నుని బెన్ను అంటారు. అది తెలిసిన టీచరు పిల్లాణ్ణి కొట్టడు, మొద్దు అనడు.

ఇక్కడ ఇంకో సంగతి. దేశం కాని దేశంలో ఇంగ్లీషు చెప్పే వాళ్ళ మధ్య ఒకటి కాదు, నాలుగైదు మెట్లున్నాయి. కేంబ్రిడ్జి వాళ్ళ సెల్టా అని ఒకటుంది. సుమారు 120 గంటల చదువు, అందులో ఆరు గంటలు నిజం విద్యార్థులకి పాఠం చెప్పి చూపించాలి. అది చేసినవాడు, శని ఆదివారాల్లో ఇంట్లో కూర్చుని సర్టిఫికెట్ తెచ్చుకున్న వాణ్ణి చూసి మూతి విరుస్తాడు. వాళ్ళ దేశంలో బడిపంతులుగా అర్హత పొందినవాడు ఈ ఇద్దర్నీ చూసి మూతి విరుస్తాడు. యూనివర్సిటీలో ఎం.ఏ. చేసినవాడు ముగ్గుర్నీ సంచి భుజానేసుకుని తిరిగే దేశదిమ్మరులంటాడు. ఇక వీళ్ళంతా కలిసి ఆ దేశపు టీచర్ని చూసి నవ్వుతారు. ఆమె నాలుగేళ్ళు టీచరు చదువే చదివి, పోటీపరీక్ష నెగ్గి, నలభై మంది పిల్లల్ని అదుపులో పెడుతున్నా సరే, ఆమె ‘యాస’ బాగా లేదట. పైవాడికి దండం, కిందివాడికి తాపు. బాబాసాహెబ్ అంబేడ్కర్ అంచెలంచెల అసమానత అన్నది ఇదే. అందులో అందరికంటే కింద ఉన్నవాడు కూడా తనకంటే కింద ఇంకొకడు ఉన్నాడా అని వెతుక్కుంటాడు. మన తమ్ముడికి ఫిలిప్పీన్స్ ఆమె దొరికింది.

తోటి పంతుళ్ళ తీర్పు ఎలాంటిదో బాబాసాహెబ్ కంటే ఎక్కువ చూసినవాడెవడు? 1918లో ఆయన బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ఆర్థికశాస్త్రం ప్రొఫెసరుగా చేరాడు. అప్పటికే అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ ఎం.ఏ. చేతిలో ఉంది. లండన్లో చదువు మధ్యలో ఆగింది. ఆ స్టాఫ్‌రూంలో ఆయన చదివినంత చదివినవాళ్ళు ఎందరుంటారు? అయినా తోటి ప్రొఫెసర్లు ఆయన అందరి మంచినీళ్ళ కూజా ముట్టుకోకూడదన్నారు. ఆయన పాఠం ఎలా చెబుతాడని అడగలేదు, ఎవరి కొడుకని అడిగారు.

ఇంత చెప్పామని, సర్టిఫికెట్లు దండగ, ఎవరైనా పాఠం చెప్పొచ్చు అంటున్నామనుకోకండి. అలా అనేవాళ్ళు మనలోనూ తయారయ్యారు. మేము వాళ్ళలో లేము. పట్టా మనకి ఊరికే రాలేదు. భూమి లేనివాడు, గొడ్డూగోదా లేనివాడు, తాత పేరు చెప్పుకుంటే పని జరగనివాడు బల్ల మీద పెట్టగలిగింది ఆ కాగితం ఒక్కటే. సావిత్రిబాయి ఫూలే 1848లో పూణేలో బడి మొదలుపెట్టింది. టీచరు శిక్షణ కూడా పొందిన మనిషి ఆవిడ. రాళ్ళూ పేడా వేసిన వాళ్ళకి శిక్షణతో పని లేదు, ఆడది, అందులో శూద్ర స్త్రీ అన్నదే వాళ్ళ బాధ. 1990లో మండల్ అనగానే రోడ్లు ఊడ్చి, బూట్లు పాలిష్ చేసి ‘ప్రతిభ, ప్రతిభ’ అని అరిచిన పిల్లలు గుర్తున్నారు కదా. ఆ పిల్లల్ని ఎగదోసిన పెద్దలే, తమ పిల్లాడు డొనేషన్ కట్టి సీటు కొన్నప్పుడు ప్రతిభ మాటెత్తలేదు. కాగితం అక్కర్లేదంటే మిగిలేది పుట్టుకే. అందుకని కాగితం అడగాల్సిందే, అందర్నీ ఒకేలా అడగాలి.

అడగడంలో కూడా తేడాలున్నాయి. 2007లో కెనడావాడొకడు, కొరియాలో ఇంగ్లీషు చెప్పినవాడు, పిల్లల మీద చేసిన అఘాయిత్యాలకి థాయిలాండ్‌లో పట్టుబడ్డాడు. ఇంటర్‌పోల్ ప్రపంచమంతా వెతికిన మనిషి. ఆ తర్వాత కొరియా ప్రభుత్వం ఇ-2 వీసా మీద వచ్చే విదేశీ టీచర్లని నేరచరిత్ర లేదని పోలీసు కాగితం తెమ్మంది. మంచి పని. పిల్లల దగ్గరికి పంపేటప్పుడు ఆ మాత్రం చూడాలి, ముందే చూసుండాల్సింది. కానీ దాంతో పాటు హెచ్.ఐ.వి. నెత్తురు పరీక్ష కూడా పెట్టింది. అదే బడిలో పనిచేసే కొరియా టీచర్లకి ఆ పరీక్ష లేదు. పరాయివాడి నెత్తురు మైలనా? న్యూజీలాండ్ టీచరమ్మ ఒకామె ఆ పరీక్ష రెండోసారి చేయించుకోనని మొరాయించి, ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ దాకా పోయింది. 2015లో కమిటీ ఆమె పక్షాన తీర్పు చెప్పింది. 2017లో ఆ పరీక్ష తీసేశారు. చూడండి, పాస్‌పోర్టు బలం మీద పై మెట్టున నిలబడ్డ వాళ్ళు కూడా ఒకరోజు నెత్తురు చూపించాల్సి వచ్చింది.

ఈ తగువులో యజమాని ఎక్కడున్నాడో మాత్రం ఎవరూ చూడరు. కొరియాలో హగ్వాన్ అనే ప్రైవేటు ట్యూషన్ కేంద్రాలు వీధికొకటి ఉంటాయి. ఏడాది నిండితే ఒక నెల జీతం అదనంగా ఇవ్వాలని చట్టం. అది ఎగ్గొట్టడానికి పదకొండో నెలలో టీచర్ని పొమ్మనే యజమానులున్నారు. వీసా యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఆ తెల్ల కుర్రాడు కూడా కిక్కురుమనలేడు. గల్ఫ్‌లో కఫీల్ సంగతి మన పాలమూరు, కరీంనగర్, కడప వాళ్ళకి మేము చెప్పక్కర్లేదు. స్టాఫ్‌రూంలో వీడు వాణ్ణి టీచరే కాదంటుంటే, వాడు వీణ్ణి యాస రానివాడంటుంటే, యజమాని నిశ్చింతగా ఒకడికి రెండు రూపాయలూ ఒకడికి అర్ధరూపాయీ ఇచ్చి పని చేయించుకుంటాడు. కూలి మడిలో మేస్త్రి చేసే పనే ఇది.

మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు. ఇప్పుడది ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ. ఆసియా, ఆఫ్రికా దేశాల వాళ్ళు అక్కడికొచ్చి ఇంగ్లీషు నేర్చుకుని పోతుంటారు. నేర్పేది మన దేశం వాళ్ళే. ఆ నేర్పిన మనిషికే, ఆ చిన్న కిటికీలోంచి తప్ప, సియోల్‌లో ఇ-2 వీసా రాదు. ఇటు మనం మాత్రం తక్కువ తిన్నామా? నెలకి 398 రూపాయలకి పనిచేసిన స్పెషల్ టీచర్లని ‘398 గాళ్ళు’ అని వెక్కిరించింది ఎవరు? పక్క కుర్చీలో కూర్చున్న రెగ్యులర్ పంతుళ్ళే. విద్యా వాలంటీర్లనీ అంతే. రిజర్వేషన్లో వచ్చిన టీచరు ఇంగ్లీషు చెబితే కిటికీ పక్కన నిలబడి తప్పులు లెక్కపెట్టిన హెడ్మాస్టర్లని మేమెరుగుదుం.

మరి తోటి టీచర్ని తూచకూడదా? తూచాలి. పిల్లల బతుకు కాబట్టి తూచాలి. బడికి టైముకొస్తున్నాడా, పాఠం సిద్ధం చేసుకుని వస్తున్నాడా, నోటు పుస్తకాలు దిద్దుతున్నాడా, తెలియనిది తెలియదని ఒప్పుకుని మర్నాటికి చూసుకొస్తున్నాడా, వెనక బెంచీ పిల్లని పేరు పెట్టి పిలుస్తున్నాడా. తెల్లవాడైనా నల్లవాడైనా ఈ తూకమే. ఇంకొకటి, ఆర్నెల్ల తర్వాత పిల్లలు నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడుతున్నారా. ఆ లెక్కన చూస్తే పాసివ్ వాయిస్ తెలియక మన తమ్ముణ్ణి అడిగిన కుర్రాడిది సగం తప్పే, అడిగినందుకు సగం మార్కు ఇవ్వాలి. జీతం తేడా మాత్రం కుర్రాడి తప్పు కాదు, దాని కోసం పోవాల్సింది యజమాని దగ్గరికి.

తమ్ముడికి మేము రాసిన జవాబులో ఫిలిప్పీన్స్ ఆమె గురించే ఎక్కువ రాశాం. 1901లో థామస్ అనే ఓడలో సుమారు 500 మంది అమెరికా టీచర్లు మనీలాలో దిగారని, అప్పట్నించి నాలుగైదు తరాలుగా వాళ్ళ బడుల్లో ఇంగ్లీషు ఉందని, ఇవాళ అది వాళ్ళ దేశపు అధికార భాషల్లో ఒకటని రాశాం. వాళ్ళ టాగలాగ్ భాషలో మొదట్నించీ ‘ఫ’ లేదని, అందుకే ‘ప’ వస్తుందని రాశాం. మీ అమ్మ కాఫీని కాపీ అంటుంది, ఫోనుని పోను అంటుంది, నీకెప్పుడూ నవ్వు రాలేదు కదరా అని అడిగాం. ఖాళీ పీరియడ్ ఉన్నప్పుడు ఆమెని అడిగి, ఆమె క్లాసులో వెనక బెంచీలో కూర్చుని ఒక్క పాఠం విని రమ్మన్నాం. విన్నాక ఆమె టీచరో కాదో రాయమన్నాం. ఆమె జీతం ఎంతో కూడా కనుక్కోమన్నాం.

ఇంకా జవాబు రాలేదు.