దుకాణ గుమాస్తాల జీతం, ఓటు: ఒక బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ కమిషనర్ గారికి,

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బట్టల దుకాణాల్లో గుమాస్తాలు పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు, రాత్రి విప్పిన చీరలన్నీ మడతపెట్టి అరల్లో సర్దేదాకా నిలబడే పనిచేస్తారు గనుక, వారి జీతాన్ని ఆ గంటలతో కలిపి చూడవలసి ఉంటుంది. వారికి రావలసిన కనీస వేతనమంటే మూల వేతనం, దానికి తోడు ధరల సూచీని బట్టి ఏప్రిల్, అక్టోబరులలో మారే కరువు భత్యం. చట్టం ఈ వేతనాన్ని ఐదేళ్లకు మించని వ్యవధిలో సమీక్షించమంటోంది. ఈ వేతన రేట్ల పట్టిక ప్రతి దుకాణంలోనూ తెలుగులో, గల్లాపెట్టె పక్కనే కనబడాలి.

ఈ వేతనం కోసం మాట్లాడేందుకు ముగ్గురు నలుగురు పనిచేసే దుకాణంలో విడిగా సంఘం పెట్టడం కుదరదు, ఎందుకంటే చట్టం ప్రకారం సంఘం నమోదుకు కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. అందుచేత పట్టణమంతటికీ ఒకే సంఘం ఉండి, దాని నాయకులను గుమాస్తాలే రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకొని, జీతాల ఒప్పందాన్ని సంతకానికి ముందే సభ్యులందరికీ చదివి వినిపించే పద్ధతి రావాలి. సింగరేణి గనుల్లో 1998 నుంచి గుర్తింపు సంఘాన్ని, అంటే యాజమాన్యంతో చర్చలకు హక్కున్న సంఘాన్ని, కార్మికులు ఇలాగే ఎన్నుకుంటున్నారు.

ఇక రోజంతా నిలబడే పనిచేయడం సంగతికొస్తే, కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణ సిబ్బందికి కూర్చునే హక్కునిచ్చాయి. తెలంగాణ దుకాణాల్లోనూ గుమాస్తాలు కూర్చునేందుకు కుర్చీ వేయించాలని, ముందుగా ఈ మూడు పట్టణాల గుమాస్తాలను వారి సెలవు రోజునే పిలిచి మాట్లాడాలని ఈ లేఖ కోరుతోంది.