తోడేలును కాపాడేది చట్టమా, గొర్రెల కాపరా?

మిడుతూరు: గొర్రెల కాపరికి తోడేలు ఆజన్మ శత్రువు. రాత్రివేళ దొడ్డిలో దూరి ఒక్క గొర్రెను లాక్కుపోయినా ఆ నష్టం భరించవలసింది ఆ కుటుంబమే. అందుకే బొరియకు పొగపెట్టి కూనలను చంపడం, చచ్చిన గొర్రెకు విషం పూసి వదలడం తప్పని మెట్టప్రాంతాల్లో ఒకప్పుడు ఎవరూ అనుకోలేదు. ప్రభుత్వం కూడా అనుకోలేదు. తెల్లవారి పాలనలో తోడేలును చంపినవారికి బహుమతులిచ్చేవారు. 1875 నుంచి 1925 వరకు యాభై ఏళ్లలో దేశంలో రెండు లక్షల తోడేళ్లు హతమయ్యాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్కకట్టారు. ఇప్పుడు దేశం మొత్తంమీద మిగిలినవి సుమారు మూడు వేలే.

నేడు చట్టం తోడేలు పక్షాన ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని పులితో సమానంగా మొదటి షెడ్యూలులో చేర్చింది. చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. అయితే ఊరికి దూరంగా, బీడు భూమిలో, చీకట్లో జరిగే పనిని చట్టం చూడలేదు. అక్కడ చూసే మనిషి కావాలి.

అలాంటి మనిషి ఒకరు బీహారులో ఉండేవారు. ఆ రాష్ట్ర అటవీశాఖలో ఉన్నతాధికారి ఎస్.పి. షాహీ. 1973లో పులుల పథకం మొదలై అందరి దృష్టీ పులిమీదే ఉన్న రోజుల్లో, ఎవరికీ పట్టని తోడేలు కోసం ఆయన పాటుపడ్డారు. ఆయన పట్టుదల ఫలితంగానే 1976లో అప్పటి పలమావు జిల్లా మహువాడాండ్‌లో 63 చదరపు కిలోమీటర్ల ప్రాంతం తోడేళ్ల అభయారణ్యమైంది. ఇప్పుడది జార్ఖండ్‌లో ఉంది. షాహీ అంతటితో ఊరుకోలేదు. దేశంలో తోడేళ్ల పరిస్థితిని పరిశీలించి 1982లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రకటించారు.

ఈ సంగతి మన జిల్లాకు దూరమైనది కాదు. మిడుతూరు మండలం రోళ్లపాడు వద్ద 614 హెక్టార్ల గడ్డినేలను 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యంగా ప్రకటించారు. ఆ పక్షి నేడు కనబడటమే గగనమైంది. ఈ గడ్డినేలలు తోడేళ్లకు కూడా ఆవాసమే. జింకలు చేలమీద పడుతున్నాయని బాధపడే రైతు ఒక విషయం గమనించాలి. జింకలను, కుందేళ్లను, ఎలుకలను తిని అదుపులో ఉంచేది ఈ తోడేలే.

భయం అర్థంలేనిదని మాత్రం అనలేం. 2024లో ఉత్తరప్రదేశ్‌లోని బహ్రాయిచ్ జిల్లాలో తోడేళ్ల దాడుల్లో పసిపిల్లలు చనిపోయారు. అలాంటి చోట కూడా ఆ జంతువును పట్టాలా, చంపాలా అన్నది నిర్ణయించే అధికారం అటవీశాఖదే గాని గ్రామస్థులది కాదు. మనుషులపై దాడులు అరుదు. గొర్రెలు పోవడం మాత్రం మామూలే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. దేశం కోసం తోడేలు బతకాలి, నష్టం మాత్రం కాపరి భరించాలి అంటే న్యాయం కాదు. తోడేలు గొర్రెపిల్లను నోట కరచుకుపోతే చూపించడానికి కళేబరం కూడా మిగలదు. రుజువు తెమ్మని కాపరిని కార్యాలయాల చుట్టూ తిప్పితే మరుసటిసారి అతడు అర్జీ పెట్టడు, విషం పెడతాడు. ఆ విషం తిని మంద కాసే కుక్క కూడా చస్తుంది.

గ్రామ పెద్దల సాక్ష్యంతో నెలలోపు పరిహారం అందేలా అటవీశాఖ ఏర్పాటు చేయాలి. కాపరులు రాత్రిపూట మంద చుట్టూ ఎత్తయిన ముళ్లకంప వేసుకోవాలి, కుక్కలకు టీకాలు వేయించాలి. షాహీ చేతిలో అధికారం ఉంది. మన కాపరి చేతిలో ఉన్నది కర్ర ఒక్కటే. నష్టపోయి కూడా విషం జోలికి పోని కాపరి చేసే సేవ ఆ అధికారి సేవకు తీసిపోదు. ప్రభుత్వం దాన్ని గుర్తించడం అవసరం.