మాత్ర ఒకటే, లివర్లే వేరు

టీబీ మందులు వాడే మన పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న: "డాక్టరుగారూ, ఇవే మాత్రలు ఇంకొకరికి పడ్డాయి, నాకెందుకు పడలేదు?"

జవాబు లివర్లో ఉంది. ఐసోనియజిడ్ మందును మార్చి బయటికి పంపే పని ముఖ్యంగా నాట్-2 అనే ఎంజైముది. ఆ పని కొందరిలో చకచకా, కొందరిలో నిదానంగా సాగుతుందనీ, అది పుట్టుకతో వచ్చే గుణమనీ 1960లో డేవిడ్ ప్రైస్ ఎవాన్స్ బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో చూపింది. మనవాళ్ళలో సుమారు సగం మంది నిదానం బాపతే, ఇక్కడి తెల్లవాళ్ళలోనూ అంతే. అలాంటివారిలో మందు ఎక్కువసేపు నిలిచి, హైడ్రజీన్ అనే విషపదార్థం పెరిగి లివర్ దెబ్బతినే అవకాశం హెచ్చు. అందరికీ అలా కాదు, భయపడకండి.

రక్తపరీక్షలో ఎంజైములు కాస్త పెరగడం మామూలే. అయిదు రెట్లు దాటితే డాక్టర్లు మందులు ఆపి, లివర్ కుదుటపడ్డాక ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెడతారు.

రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజరంగులో వస్తే కంగారు వద్దు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం తర్వాతి డోసు వేసుకోకుండా అదేరోజు టీబీ నర్సుకు ఫోన్ చేయండి. కాస్త నలతగా ఉందని మీ అంతట మీరు మానేస్తే జబ్బు మొండికేస్తుంది.

ఆర్నెల్లూ ఆ రెండో "మందు" జోలికి పోకండి. ఇంటినుంచి వచ్చిన పసరు మందుల సంగతి దాచకండి. వీసా ఏదైనా ఎన్.హెచ్.ఎస్.లో టీబీ వైద్యం ఉచితం. మొహమాటపడకండి!