ఆమెకు మనం చెప్పే మొదటి మాట

మే నెల. వడగాలి ఇంకా తగ్గని సాయంత్రం. తణుకులో ఒక వీధి కుళాయి దగ్గర బిందె పెట్టి నిలబడిన ఆమె మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు తొడుక్కుంది. "ఇంత ఎండలో ఇదేంటే?" అని అడిగింది పక్కింటి పిన్ని. "మిగతావి ఉతికాను పిన్నీ, ఇంకా ఆరలేదు" అంది ఆమె. మే ఎండలో దండెం మీద బట్టలు ఎంతసేపట్లో ఆరతాయో ఇద్దరికీ తెలుసు. ముందురోజు రాత్రి గోడ అవతల పళ్లెం విసిరిన చప్పుడు, పిల్లాడి ఏడుపు పిన్ని చెవిన పడ్డాయి. అప్పుడే పిన్ని టీవీ సౌండు పెంచింది. బిందె నిండింది. ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయారు.

ఆ పిన్ని చెడ్డ మనిషి కాదు. ఎవరికి జ్వరం వచ్చినా చారు కాచి పంపే మనిషి. ఆమె నోరు కట్టేసింది ఒకే ఒక్క మాట: "మొగుడూ పెళ్లాల గొడవ, మధ్యలో మనమెందుకు?" మన ఊళ్లలో గృహహింసకు ఆ మాటే పెద్ద కాపలా.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ప్రతి పదిమంది మహిళల్లో ముగ్గురు భర్త చేతిలో హింస చవిచూశారు. అంతకన్నా కలవరపెట్టే అంకె అదే సర్వేలో మరొకటి ఉంది. చెప్పకుండా బయటికి వెళ్లినా, వంట సరిగా చేయకపోయినా, అత్తమామలను గౌరవించకపోయినా, ఇలాంటి వేరే కారణాలకైనా భర్త కొట్టడం సబబేనా అని అడిగితే, ఏదో ఒక కారణానికి సబబేనన్న మహిళలు మన రాష్ట్రంలో దాదాపు 84 శాతం. హిమాచల్‌ప్రదేశ్‌లో వారు 15 శాతం లోపే. దెబ్బ తిన్న మనిషి చేతే "నాదే తప్పు" అనిపించిన పెంపకం మనది. దేశం మొత్తం మీద హింసకు గురైన వారిలో ఎవరినైనా సాయం అడిగినవారు 14 శాతమే. వారిలోనూ ఎక్కువమంది వెళ్లింది పుట్టింటికి. పోలీస్ స్టేషన్ గుమ్మం తొక్కినవారు బహు కొద్దిమంది.

అంటే ఆమె గోడు మొదట వినేది ఎస్సైయో జడ్జిగారో కాదు. అమ్మ, అక్క, పక్కింటి పిన్ని, డ్వాక్రా గ్రూపు లీడరు. ఆ క్షణంలో వాళ్ల నోటివెంట వచ్చే మొదటి మాట మీదే ఆమె బతుకు చాలావరకు ఆధారపడి ఉంటుంది. "సర్దుకుపోవాలమ్మా" అన్నామా, ఆమె మళ్లీ నోరు విప్పదు.

ఆ మాట అనే తల్లిదండ్రులకు కూతురి మీద ప్రేమ లేదని కాదు. పెళ్లికి చేసిన అప్పు తీరలేదు, చిన్నదాని పెళ్లి ముందుంది, నలుగురూ ఏమంటారోనన్న బెంగ. అందుకే పెద్దమనుషుల్లో పెడతారు. "ఇక చెయ్యెత్తను" అని అల్లుడు అందరి ముందూ ఒప్పుకుంటాడు. ఆమెను మళ్లీ ఆ ఇంట్లోనే దిగబెట్టి వస్తారు. వారం తర్వాత అక్కడ ఏం జరుగుతోందో చూసి వచ్చే పెద్దమనిషి ఎవరు? కాపురం నిలిచిందా అని అడుగుతాం గానీ మనిషి క్షేమంగా ఉందా అని అడగం. రాజీ కుదర్చడం తప్పు కాదు. అది ఆమె కోరిక అయి ఉండాలి. కుదిర్చినవాళ్లు ఆ తర్వాత కూడా పూచీగా నిలబడాలి.

2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుంచి అమలవుతున్న గృహహింస చట్టం ఈ చోటే మనకు దారి చూపిస్తోంది. హింస జరుగుతోందని నమ్మిన ఎవరైనా రక్షణాధికారికి చెప్పవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారి మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ ఏ బాధ్యతా ఉండదు. పక్కింటివాళ్లకు ఎందుకన్న ప్రశ్నకు చట్టం ఇచ్చిన జవాబు అది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేస్తున్న ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. అత్తమామల పేరున ఉన్న ఇల్లయినా ఆ హక్కు వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇచ్చాక దాన్ని మీరితే ఏడాది దాకా జైలు. కేసు నడపడానికి డబ్బు లేదనుకోనక్కర్లేదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయసాయం 1987 నాటి చట్టమే ఇచ్చింది.

ఈ చట్టాలు దుర్వినియోగం అవుతున్నాయన్న మాట వినిపిస్తూనే ఉంటుంది. అబద్ధపు కేసులో ఇరుక్కున్న కుటుంబం బాధ నిజమైనదే. యాంత్రికంగా అరెస్టులు చేయొద్దని 2014లోనే సుప్రీంకోర్టు పోలీసులకు చెప్పింది. కానీ గృహహింస చట్టం ప్రధానంగా సివిల్ రక్షణ. దెబ్బలు ఆగాలి, తలదాచుకునే చోటు ఉండాలి, పిల్లలకు తిండి దొరకాలి అని అడిగే దారి అది. మొగుణ్ణి జైల్లో పెట్టించడం ఇష్టంలేక అన్నీ ఓర్చుకుంటున్న ఎంతోమందికి ఆ దారి ఉందనే తెలియదు.

ఇంటి సంగతిని ఊరి సంగతిగా మార్చడం తెలుగు ఆడవాళ్లకు కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం తరగతులకు వచ్చిన కూలి మహిళలు మాట్లాడుకుంటే తేలిందేమిటి? మొగుడు సారాకు తగలేస్తున్న కూలిడబ్బులు, రాత్రి పడే దెబ్బలు ఒక్కరి ఖర్మ కాదు, అందరిదీ అదే కథ. సారా దుకాణం మూయించారు. 1992లో రాష్ట్రమంతా పాకిన ఆ ఉద్యమం ధాటికి 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. ఆ తర్వాత వెలుగు పథకం రోజుల్లో మహిళా సమాఖ్యలు సామాజిక కార్యాచరణ కమిటీలు వేసుకుని కుటుంబ సమస్యలను చేతుల్లోకి తీసుకున్నాయి. తణుకులోనూ, కొల్లేటి చుట్టుపక్కల పల్లెల్లోనూ పొదుపు సంఘాలకు ఇప్పుడు కొదవ లేదు. కిస్తీ లెక్క అయ్యాక ఇంకో పది నిమిషాలు ఈ సంగతి మాట్లాడుకుంటే చాలు.

మరి ఆ మొదటి మాట ఎలా ఉండాలి? "నువ్వు చెప్పింది నమ్ముతున్నా. ఇందులో నీ తప్పేమీ లేదు. ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావ్?" అంతే. వెంటనే వదిలేసి రమ్మని తొందరపెట్టకూడదు. బయటికి వచ్చే సమయమే ఎక్కువ ప్రమాదం. ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, పిల్లల సర్టిఫికెట్లు మన బీరువాలో దాచిపెడదాం. ఆసుపత్రికి తోడు వెళ్లి, "జారిపడింది" అని కాకుండా జరిగింది జరిగినట్టు చీటీలో రాయించుదాం. ప్రాణం మీదికొస్తే 112, మహిళల సాయానికి 181, న్యాయసాయానికి 15100. వైద్యం, కౌన్సెలింగ్, తాత్కాలిక వసతి ఒక్కచోటే ఇచ్చే సఖి కేంద్రాలు ఉన్నాయి.

అక్కడితో మన పని అయిపోదు. బయటికొచ్చిన మనిషి ఇల్లు వెతుక్కుంటే "మగదిక్కు లేనివాళ్లకు ఇవ్వం" అంటాం. అలా మనమే ఆమెను తిరిగి ఆ చేతుల్లోకే తోస్తున్నాం. ఒక గది అద్దెకివ్వడం, షాపులో పని చూపించడం, పిల్లాడికి బడిలో సీటు ఇప్పించడం ఏ కోర్టు ఉత్తర్వుకూ తీసిపోని రక్షణ.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర పిన్ని ఇంకో మాట అని ఉండవచ్చు. "బిందె అక్కడే ఉండనీ. రా, మా ఇంట్లో కాసేపు కూర్చుందువు గాని."