గన్నేరు నరకాలా, పిల్లిని తరమాలా?

మొన్న తొమ్మిదవ తరగతి అమ్మాయి ఒకతె పాఠం అయిపోయాక నా దగ్గరకు వచ్చింది. "సార్, మా పిల్లి గన్నేరు చెట్టు కింద పిల్లల్ని పెట్టింది. చెట్టు విషం, నరికేస్తానంటున్నాడు మా నాన్న. పిల్లినే వెళ్ళగొట్టమంటోంది మా అవ్వ. ఎవరి మాట వినాలి?" అని అడిగింది.

మా అల్లూరులో గన్నేరు లేని దొడ్లు తక్కువే. ఉప్పుగాలికీ ఎండకూ తట్టుకుంటుంది, మేకలు ముట్టవు. జాతీయ రహదారుల నడుమ దీన్ని నాటేదీ అందుకే. కనుక ఆ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు.

నాన్న చెప్పింది నిజమే. గన్నేరులో వేరు మొదలు పువ్వు దాకా విషం లేని భాగం లేదు. అందులోని ముఖ్యమైన విషం పేరు ఓలియాండ్రిన్. మన గుండె కణాలలో సోడియంను బయటకు తోడి పొటాషియంను లోపలికి తెచ్చే పంపు వంటి ప్రోటీను ఒకటి వుంది. ఓలియాండ్రిన్ దాన్ని ఆపేస్తుంది. గుండె లయ తప్పుతుంది. 1785లో విలియం విథరింగ్ అనే ఇంగ్లీషు వైద్యుడు వర్ణించిన డిజిటాలిస్ మందుదీ ఇదే కోవ. అయితే మందును డాక్టరు కొలిచి ఇస్తాడు, చెట్టు కొలిచి ఇవ్వదు. పచ్చగన్నేరు వేరే మొక్కేగాని, విషంలో దీనికి తమ్ముడే.

"ఏది తినాలో జంతువులకు ప్రకృతే నేర్పుతుంది" అంటారు కొందరు. నేను సగమే ఒప్పుకుంటాను. పచ్చి ఆకు చేదు గనుక పశువు వదిలేస్తుంది. కాని నరికి పారేసిన కొమ్మలు ఎండి మేతలో కలుస్తాయి. ఆకు ఎండినా విషం పోదు. 2024లో కేరళలోని పత్తనంతిట్ట జిల్లాలో ఒక ఆవూ దూడా గన్నేరు ఆకులు తిని చనిపోయాయని వార్తలు వచ్చాయి. ఆ సంవత్సరం మే నెలలోనే తిరువాన్కూరు దేవస్వం బోర్డు తన ఆలయాల్లో నైవేద్యానికీ ప్రసాదానికీ గన్నేరు పూలు వాడరాదని నిర్ణయించింది.

పిల్లి మాంసాహారి, ఆకులు మేయదు. కాని అప్పుడప్పుడు గడ్డి పరకలు కొరకడం మీరు చూసే వుంటారు. ఇక కూనలు కదిలే ప్రతిదాన్నీ నోటితోనే పరీక్షిస్తాయి. అంత చిన్న ప్రాణికి కాస్త ఆకు నమిలినా ప్రమాదమే. చొంగ, వాంతులు, నీరసం కనిపిస్తే సొంత వైద్యం చేయక, ఒక రెమ్మ వెంట పట్టుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇంట్లో వుంది కదా అని పారాసెటమాల్ బిళ్ళ వేస్తే ఇంకా ముప్పు. ఆ మందును విరిచే ఎంజైము పిల్లి కాలేయంలో దాదాపు లేదు.

అయినా చెట్టు నరకనక్కరలేదని నా అభిప్రాయం. పిల్లిని తరిమితే వడ్ల బస్తాల్లో ఎలుకలు చేరతాయి, అవ్వకు ఆ సంగతి తెలియనిది కాదు. కూనలు నడక నేర్వడానికి మూడు వారాలైనా పడుతుంది, అంతవరకు గడువుంది. ఈలోగా కింది కొమ్మలు కొట్టి, రాలిన ఆకులు ఊడ్చి, ఇంకోచోట గోనెసంచి పరచమన్నాను. కుండీలో గన్నేరు పెంచి ఇంటి లోపల పెట్టుకోవడం మాత్రం తప్పే.

నిన్న ఆ అమ్మాయి మళ్ళీ కనిపించింది. పిల్లి తన కూనలను తానే బస్తాల వెనక్కు మార్చుకుందట. నాన్న కింది కొమ్మలు కొట్టేశాడట. వాటిని ఎక్కడ వేశారని అడిగాను. వీధి చివర, పశువులు తిరిగే చోట! పొయ్యిలో పెట్టవద్దు, ఆ పొగా మంచిది కాదు, వెంటనే తెచ్చి గొయ్యి తీసి పూడ్చి, చేతులు కడుక్కోమని నాన్నతో చెప్పమన్నాను.