చూసింది ఎంత, ఊహించింది ఎంత?



టీవీలో ధారావాహిక చూస్తున్నప్పుడు మీకు ఇలాంటి ప్రశ్నలు ఎప్పుడైనా కలిగాయా? "ఆవిడ ఆ ఉత్తరం ఎందుకు దాచింది?", "అతను నిజంగా చనిపోయాడా, లేక తిరిగి వస్తాడా?" తప్పకుండా కలిగి ఉంటాయి. మరునాడు పనిచేసే చోటనో, బస్సులోనో, పక్కింటివారితోనో మీరు ఈ సంగతే మాట్లాడి ఉంటారు. ఒకరు ఒక కారణం చెబితే మరొకరు కాదని వేరొక కారణం చెబుతారు. ఒక్కొక్కసారి వాదన పెద్దదవుతుంది కూడా.

వీటిని పనిలేని కబుర్లని కొందరు కొట్టిపారేస్తారు. నేను ఆ మాట ఒప్పుకోను. ఒక పాత్ర అలా ఎందుకు చేసిందని ఊహించడం చదువులో ఒక ముఖ్యమైన భాగమని నా అభిప్రాయం. అయితే ఆ ఊహకు ఒక కట్టుబాటు ఉండాలి. అది లేకపోతే ఊహ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఈ రెండు విషయాలనూ మీతో చర్చించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక చిన్న అనుభవం చెబుతాను. ఒక అధ్యయన కేంద్రంలో సంపర్క తరగతి ముగిసిన తర్వాత ఒక అభ్యాసకురాలు నాతో మాట్లాడింది. ఆమె బట్టలు కుడుతూ పదవ తరగతికి చదువుతోంది. "మేడమ్, పరీక్షలో పాత్ర స్వభావం రాయమంటే ఆ ప్రశ్న వదిలేస్తాను. నాకు అంత తెలివి లేదు" అంది. ఐదు నిమిషాల తర్వాత ఆమే తన స్నేహితురాలితో ముందురోజు చూసిన ధారావాహిక గురించి వాదిస్తోంది. "ఆ అత్తగారు బీరువా తాళాలు డబ్బు కోసం దాచలేదు. చిన్నకొడుకు అప్పుల సంగతి విన్నప్పుడు ఆవిడ ముఖం చూశావా? వాడి చేతికి దొరక్కూడదని దాచింది" అంటోంది. "కాదక్కా, పెద్దకోడలి మీద నింద వేయాలని దాచింది" అంటోంది రెండో ఆమె.

గమనించండి. మొదటి ఆమె ఒక పని చూసింది. దానికి కారణం ఊహించింది. ఆ ఊహకు ఆధారంగా మరొక సన్నివేశాన్ని చూపించింది. పాత్ర స్వభావం రాయడం అంటే ఇదే. పరీక్షలో వదిలేస్తానన్న జవాబును ఆమె నా కళ్ల ముందే చెప్పింది. తనకు తెలివి లేదన్న మాట నిజం కాదు. తనకున్న తెలివికి చదువులో చోటు ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇప్పుడు ఊహకు ఉండవలసిన కట్టుబాటు గురించి ఆలోచిద్దాం. దీనికి మన దేశంలో మొదటి టీవీ ధారావాహికగా పేరుపొందిన 'హమ్ లోగ్' మంచి ఉదాహరణ. ఇది 1984 జులై నుంచి 1985 డిసెంబరు వరకు దూరదర్శన్‌లో హిందీలో ప్రసారమైంది. రచయిత మనోహర్ శ్యామ్ జోషి. ఒక మధ్యతరగతి ఉమ్మడి కుటుంబం కథ ఇది. ప్రతి భాగం చివర ప్రసిద్ధ నటుడు అశోక్ కుమార్ తెర మీదికి వచ్చి ఆ రోజు జరిగినదాని గురించి ప్రేక్షకులతో నాలుగు మాటలు మాట్లాడి, ఆలోచించమని చెప్పేవారు. ప్రేక్షకుల నుంచి లక్షల సంఖ్యలో ఉత్తరాలు వచ్చాయి.

ఆ ఇంటి తల్లి పేరు భగవంతి. భర్త బసేసర్ రామ్ తాగుబోతు. అత్తగారు సూటిపోటి మాటలంటుంది. భగవంతి అందరికీ సేవ చేస్తుంది, మాటలు పడుతుంది, ఎదురు చెప్పదు. ఆమె ఎందుకు మౌనంగా ఉంది? ఆమెకు ఓర్పు ఉంది కాబట్టి అని ఒకరు చెప్పవచ్చు. ఎదిరిస్తే నిలబడడానికి వేరే చోటు లేదు కాబట్టి అని మరొకరు చెప్పవచ్చు. ఆడది మాట్లాడకూడదని చిన్నప్పటి నుంచి నేర్పారు కాబట్టి అని ఇంకొకరు చెప్పవచ్చు. అందరూ చూసింది ఒకే దృశ్యాన్ని. కాని ఊహించిన కారణాలు మూడు.

ఆ ధారావాహికను రూపొందించినవారు స్త్రీ అన్నీ సహించి పడి ఉండడం వల్ల కలిగే కష్టాన్ని చూపాలనే భగవంతి పాత్రను తీర్చారు. ఆమెను చూసి ప్రేక్షకులు "ఇలా ఉండకూడదు" అనుకోవాలని వారి ఆశ. కాని తర్వాత పరిశోధకులు ప్రేక్షకుల అభిప్రాయాలను సేకరించి చూస్తే, చెప్పుకోదగినంతమంది ఆమెనే ఆదర్శంగా తీసుకున్నట్లు తేలింది. వారిలో స్త్రీలు కూడా ఉన్నారు. ఆమె మౌనాన్ని వారు మంచి ఇల్లాలి లక్షణంగా అర్థం చేసుకున్నారు.

దీనివల్ల మనకు ఏం తెలుస్తోంది? మనం ఊహించే కారణం కథలో నుంచి మాత్రమే రాదు. మనం పెరిగిన ఇల్లు, విన్న మాటలు, మెచ్చుకోవడం నేర్చుకున్న గుణాలు కూడా ఆ ఊహలో కలుస్తాయి. అందుకే ఊహించిన తర్వాత ఒక్క క్షణం ఆగి మనల్ని మనం ప్రశ్నించుకోవాలి: ఇందులో నేను తెర మీద చూసింది ఎంత? నేను కలుపుకున్నది ఎంత?

ఒక కాగితం తీసుకొని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు చూసినది, కుడివైపు ఊహించినది రాయండి. "భగవంతి ఎదురు చెప్పలేదు" అన్నది ఎడమవైపు వస్తుంది. "ఆమెకు ఇష్టమే కాబట్టి ఊరుకుంది" అన్నది కుడివైపు వస్తుంది. కుడివైపు రాసిన ప్రతి మాటకు ఎడమవైపు ఆధారం ఉందో లేదో చూడండి. ఆధారం లేని మాటను కొట్టివేయనవసరం లేదు. కాని దానిని నిజమని ప్రకటించకూడదు.

మంచి ఊహ ఎలా ఉంటుందో మన తెలుగువారికి బాగా తెలిసిన ఒక సినిమా ద్వారా చూద్దాం. 2015 జులైలో విడుదలైన 'బాహుబలి' మొదటి భాగం ఒక ప్రశ్నతో ముగిసింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? 2017 ఏప్రిల్‌లో రెండవ భాగం వచ్చేవరకు దేశమంతా రకరకాల జవాబులు చెప్పుకుంది. అతను ద్రోహి అన్నారు కొందరు. అసలు బాహుబలి చనిపోనే లేదన్నారు ఇంకొందరు. కాని మొదటి భాగంలోనే ఒక ఆధారం ఉంది. కట్టప్పను బానిసత్వం నుంచి విడిపిస్తానని ఒక వర్తకుడు అడుగుతాడు. తన పూర్వికులు సింహాసనానికి మాట ఇచ్చారని, ఆ మాటకు తాను బద్ధుడినని కట్టప్ప ఒప్పుకోడు. ఈ సన్నివేశాన్ని గుర్తుంచుకున్నవారు "అతను తన ఇష్టంతో చంపి ఉండడు, ఆజ్ఞ వల్ల చంపి ఉంటాడు" అని ఊహించగలిగారు. రెండవ భాగంలో శివగామి ఆజ్ఞే కారణమని తెలిసింది. చిన్న వివరాన్ని మరచిపోని ఊహే నిలబడింది.

అయితే ప్రతి రహస్యానికీ జవాబు కథలో ముందే దాగి ఉంటుందని అనుకోకండి. దీనికి అమెరికాలో ప్రసారమైన 'డల్లాస్' అనే ధారావాహిక ఒక ఉదాహరణ. అందులో జె.ఆర్. యూయింగ్ ఒక చమురు వ్యాపారి. భార్యను బాధపెట్టినవాడు, తోటి వ్యాపారులను ముంచినవాడు. 1980 మార్చి 21న ప్రసారమైన భాగం చివర ఎవరో అతన్ని తుపాకీతో కాల్చారు. ఎవరు కాల్చారో చెప్పలేదు. ఆ జవాబు 1980 నవంబరు 21న గాని రాలేదు. ఈ ఎనిమిది నెలల్లో భార్య కాల్చిందని ఒకరు, మోసపోయిన వ్యాపారి కాల్చాడని ఒకరు వాదించుకున్నారు. బ్రిటన్‌లో పందేలు కూడా కాశారు. చివరకు కాల్చింది అతని మరదలు క్రిస్టిన్ అని తేలింది. ఆ భాగాన్ని అమెరికాలోనే సుమారు 8 కోట్ల మంది చూశారు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. కాల్పుల సన్నివేశం ఉండాలని రచయితలు ముందు నిర్ణయించుకున్నారు. కాల్చింది ఎవరన్నది తర్వాత నిర్ణయించుకున్నారు. అంటే ప్రేక్షకుణ్ణి మళ్లీ టీవీ ముందుకు రప్పించడానికే కొన్ని రహస్యాలు పుడతాయి. ధారావాహిక ఒక వ్యాపారం కూడా. ఈ సంగతి తెలిసిన ప్రేక్షకుడు ఊహించడం మానడు. కాని తన ఊహ తప్పయినందుకు సిగ్గుపడడు, నిజమైనందుకు గర్వపడడు. "నా ఊహకు ఆధారం ఉందా?" అని మాత్రమే చూసుకుంటాడు.

"ఇదంతా సరే, ధారావాహికలు చూస్తూ కూర్చుంటే చదువు సాగేదెప్పుడు?" అని మీలో కొందరు అడగవచ్చు. ఇది న్యాయమైన ప్రశ్నే. పగలంతా పనిచేసి రాత్రి పుస్తకం పట్టే మీకు ప్రతి అరగంటా విలువైనదే. మరిన్ని ధారావాహికలు చూడమని నేను చెప్పడం లేదు. ఎలాగూ చూసేదాన్ని మేలుకొని చూడమంటున్నాను. నలుగురితో మాట్లాడేదాన్ని ఆధారంతో మాట్లాడమంటున్నాను. అలా మాట్లాడడం అలవాటైతే పాఠ్యపుస్తకంలోని కథ మీకు కొత్తగా కనిపించదు.

ఇంతకంటే ముఖ్యమైన మాట ఒకటి ఉంది. మనం కారణాలు ఊహించేది టీవీ పాత్రలకు మాత్రమేనా? కోడలు అన్నం తినకుండా పడుకుంటే "పొగరు" అంటాం. పక్కింటాయన పలకరించకపోతే "గర్వం" అంటాం. నేను కూడా ఇలాంటి పొరపాటు చేశాను. ఒక అభ్యాసకుడు వరుసగా నాలుగు సంపర్క తరగతులకు రాలేదు. అతనికి చదువు మీద శ్రద్ధ లేదని నా పుస్తకంలో రాసుకున్నాను. తర్వాత తెలిసింది, అతని తండ్రి మంచాన పడ్డాడు, ఇంట్లో చూసుకునే మనిషి మరొకరు లేరు. నేను చూసింది "రాలేదు" అన్న ఒక్క మాట. "శ్రద్ధ లేదు" అన్నది నేను కలుపుకున్నది. ఎడమవైపు ఒక్క గీటు కూడా లేకుండా కుడివైపు నింపేశాను. అతను ఆ సంవత్సరం పరీక్ష రాయలేదు. నేను ముందే అడిగి ఉంటే ఏదో ఒక దారి ఆలోచించేవాళ్లమేమో.

ఒక తేడాను మాత్రం మరచిపోకండి. టీవీలోని పాత్రను మనం అడగలేం. భగవంతిని "అమ్మా, నువ్వెందుకు ఊరుకున్నావు?" అని అడిగే వీలు లేదు. అందుకే అక్కడ ఊహించక తప్పదు. కాని మన ఇంట్లో మౌనంగా ఉన్న మనిషిని అడగవచ్చు. అడిగే వీలున్న చోట ఊహతో సరిపెట్టుకోవడం అన్యాయం. ముఖ్యంగా ఒకరి మౌనాన్ని అంగీకారంగా లెక్కవేసే ముందు తప్పక అడగాలి.

బట్టలు కుట్టే ఆ అభ్యాసకురాలు తర్వాతి తరగతికి ఒక పేజీ రాసి తెచ్చింది. పాఠంలోని ఒక పాత్ర గురించి ఐదారు వాక్యాలు. ప్రతి అభిప్రాయం కింద "ఎందుకంటే" అని రాసి, కథలో జరిగిన ఒక సంగతిని చెప్పింది. అక్షరదోషాలు ఉన్నాయి, వాటిని దిద్దుకోవచ్చు. "ఎందుకంటే" అన్న మాట మాత్రం ఆమెకు నేను నేర్పినది కాదు. అది ఆమె దగ్గర ముందు నుంచే ఉంది. మీ దగ్గరా ఉంది.

ఈ రాత్రి మీరు చూసే ధారావాహికలో ఒక పాత్రను ఎంచుకోండి. ఆ పాత్ర చేసిన ఒక పనిని, మీరు ఊహించిన కారణాన్ని, దానికి ఆధారాన్ని మూడు వాక్యాల్లో రాయండి. ఆ తర్వాత మీ ఊహను కాదనే ఆధారం ఏదైనా కనిపించిందేమో నిజాయితీగా వెతికి నాలుగో వాక్యం రాయండి. మీ అభిప్రాయం మారితే విచారించకండి. ఆధారం చూసి అభిప్రాయం మార్చుకోగలగడం చదువుకున్నవారి లక్షణం.