తిరునాళ్ల పాట చివరి వరుసకు చేరాలంటే

శివరాత్రి మర్నాడు నరసరావుపేట, చిలకలూరిపేట చుట్టుపక్కల ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా, పత్రికల్లో ఎక్కడా రానంత సంగీత సమీక్ష వినిపిస్తుంది. కోటప్పకొండ తిరునాళ్లలో ఏ ఊరి ప్రభ ఎంత ఎత్తు లేచింది, దారిలో ఎక్కడ ఒరిగింది అన్న మాటలు ముందు వస్తాయి. అవి అయ్యాక అసలు సంగతి మొదలవుతుంది. ఫలానా ఊరి ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ వాయించినతని చెయ్యి ఎలా ఆడింది, ఆ అమ్మాయి గాయని చిత్ర పాటలో పై స్థాయి అందుకుందా లేదా, పక్క ప్రభ బాక్సుల దెబ్బకు బాలు పాట ఎలా నలిగిపోయింది, ఆడవాళ్లకు కూర్చునే చోటు ఎవరి వేదిక ముందు దొరికింది. ఈ మాటలు చెప్పేవాళ్లలో సంగీతం నేర్చుకున్నవాళ్లు అరుదు. మిరపకోతకు వెళ్లొచ్చిన ఆడవాళ్లు, జిన్నింగ్ మిల్లు కూలీలు, ఆటో తోలేవాళ్లు, డిగ్రీ చదివే పిల్లలు. పాట బాగుందో లేదో వాళ్ల చెవికి తెలుసు, ఎందుకు బాగోలేదో చెప్పగలరు కూడా.

ఈ నేలమీద జనం ముందు పాడే పాటకు నిజమైన విమర్శ వాళ్ల మాటల్లోనే ఉందని నా నమ్మకం. నిర్వాహకులు, అధికారులు, పత్రికలు ఆ మాటల్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. అందుకే ఏటా ఖర్చు పెరుగుతున్నా పాట మాత్రం వినపడకుండా పోతోంది.

కోటప్పకొండ ప్రభ ఒక మొక్కు. అదే ఒక రంగస్థలం కూడా. 80, 90 అడుగుల ఎత్తున కర్రలు కట్టి, రంగు బల్బులు అల్లిన విద్యుత్ ప్రభలను ఒకప్పుడు ఎడ్లు లాగేవి, ఇప్పుడు ట్రాక్టర్లు లాగుతున్నాయి. పురుషోత్తమపట్నం, కావూరు, యడవల్లి లాంటి ఊళ్ల ప్రభలు త్రికోటేశ్వరుడి కొండ కింద చేరి నిలబడ్డాక వాటి ముందు వేదికలు తెరుచుకుంటాయి. పాట కచేరీలు, డాన్సులు, మిమిక్రీ రాత్రంతా సాగుతాయి. శ్రోతకు టికెట్ లేదు, కుర్చీ నంబరు లేదు. నచ్చితే దుప్పటి పరుచుకుని కూర్చుంటాడు, నచ్చకపోతే లేచి ఇంకో ప్రభ దగ్గరికి నడుస్తాడు. పాడేవాళ్లకు ఇంతకు మించిన పరీక్ష హైదరాబాద్ శిల్పకళావేదికలో కూడా ఉండదు.

ఈ చెవి ఇవాళ తయారైంది కాదు. తెనాలి రామవిలాస సభ నాటకాలతో, బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామతో, సుద్దపల్లి నుంచి వచ్చిన ఈలపాట రఘురామయ్య కృష్ణుడితో తయారైంది. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు వచ్చే కాంట్రాక్టు నాటకాల రోజుల్లో ఒకే రాత్రి ఇద్దరినీ పక్కపక్కన పెట్టి తూచిన ప్రేక్షకులు వీళ్ల తాతలు. పీసపాటి పద్యం గొప్పదా, షణ్ముఖి పద్యం గొప్పదా అని పొలం గట్టు మీద వాదులాడుకున్నవాళ్లు. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం శ్రీరంగం దాకా వెళ్లి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకుంది. ఆ వాద్యం పుట్టిందే ఆరుబయట, ఊరేగింపులో మోగడానికి. మైకు లేకుండా నాలుగు వీధులు చుట్టివస్తుంది, అయినా గమకం చెడదు. గుంటూరు దగ్గరి పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథ చెబుతుంటే వేలమంది నేలమీద కూర్చుని విన్నారు. ఆయన కథలో ఒక్క మాట వినపడకపోయినా కథ తెగిపోతుంది. అందుకే ఆ కళలన్నిటికీ మొదటి నియమం ఒకటే: చివరి వరుసలో కూర్చున్నవాడికి మాట తెలియాలి.

ఇప్పుడు ఆ నియమం గల్లంతైంది. ఏ ఊరు ఎన్ని బాక్సులు తెచ్చింది అన్నదే పోటీగా మారింది. ఇక్కడ కాస్త లెక్క చూడాలి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే వంద మీటర్ల అవతల నిలబడ్డవాడికి వేదిక మీది డోలక్ దెబ్బ దాదాపు సెకనులో మూడోవంతు ఆలస్యంగా చేరుతుంది. ఈలోగా దగ్గర్లో ఉన్న ఇంకో వేదిక పాట ముందే వచ్చి చెవిలో పడుతుంది. రెండు తాళాలు కలిసి ఏ తాళమూ కాకుండా పోతాయి. దీన్ని గెలవడానికి బాక్సులు పెంచితే ఏమవుతుంది? స్పీకర్ల శక్తి రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే శక్తి సుమారు పది రెట్లు కావాలి. రెండు బాక్సుల స్థానంలో నాలుగు పెట్టిన ఊరు అద్దె రెట్టింపు కట్టి, కొద్దిపాటి మోత మాత్రమే కొనుక్కుంటోంది. అదీ ఎక్కువగా బేసే. బేసు ఎంత దూరమైనా పాకుతుంది, అక్షరం మాత్రం నాలుగు అడుగుల్లో మాయమవుతుంది. ‘గుండెల్లో కొట్టింది గానీ పాట అర్థం కాలా’ అని టీ కొట్టు దగ్గర కుర్రాడు అనేది దీన్నే. సౌండ్ ఇంజినీరు చెప్పాల్సిన మాట అతను చెబుతున్నాడు.

మోతకు పాట ఓడిపోవడం ప్రపంచానికి కొత్త కాదు. 1965 ఆగస్టులో బీటిల్స్ న్యూయార్క్ షే స్టేడియంలో పాడినప్పుడు 55 వేలమందికి పైగా వచ్చారు. ఆ అరుపుల్లో పాట జనానికి వినపడలేదు, పాడుతున్న నలుగురికి తమ గొంతులూ వినపడలేదు. ఏడాది తిరిగేసరికి వాళ్లు పర్యటనలే మానేశారు. దీనికి ఎదురు ఉదాహరణ అమెరికాలోని గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం. 1974లో వాళ్లు స్పీకర్లను పెద్ద గోడలా పేర్చింది కేవలం మోత కోసం కాదు, దూరంగా ఉన్నవాళ్లకూ వాద్యాలు విడివిడిగా వినపడాలని. అభిమానులు కచేరీలను రికార్డు చేసుకుని, ఏ ఊళ్లో ఏ పాట ఎలా వచ్చిందో పోల్చుకుంటుంటే వాళ్లను తరిమేయలేదు. 1984 నుంచి రికార్డు చేసుకునేవాళ్లకు ప్రత్యేకంగా చోటే కేటాయించారు. శ్రోత చెవిని గౌరవించిన బృందం దశాబ్దాల పాటు జనాన్ని నిలుపుకుంది.

2025 ఫిబ్రవరి మన శ్రోతకు అరుదైన నెల. 2వ తేదీన రామోజీ ఫిల్మ్ సిటీలో ఎడ్ షీరన్ కచేరీ జరిగింది. ఒక గిటారు, కాలి కింద లూప్ పెడల్‌తో వేలమందిని నిలబెట్టగలడని పేరున్న గాయకుడు. 15న విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో తలసేమియా బాధితుల సహాయార్థం తమన్ సంగీత విభావరి జరిగింది. 26న శివరాత్రి. గుంటూరు, పల్నాడు, ప్రకాశం పిల్లల్లో మూడింటిని గురించీ మాట్లాడుకున్నవాళ్లున్నారు. లైట్లు, తెర, తాగునీరు, మరుగుదొడ్డి, ఇంటికి చేరే దారి అన్నీ వాళ్ల మాటల్లో ఉంటాయి. వాళ్లకు ఇప్పుడు పోల్చుకోవడానికి కొలబద్ద ఉంది. తిరునాళ్ల కాబట్టి ఇంతే అని సరిపెట్టుకునే తరం కాదిది. సరిపెట్టుకోకపోవడమే మంచిది.

టికెట్ కొన్న శ్రోతకు కనీసం గొంతు ఉంది. 2023 సెప్టెంబరులో చెన్నై శివార్లలో రెహమాన్ కచేరీకి టికెట్లు కొన్నవాళ్లు తొక్కిసలాటలాంటి రద్దీలో లోపలికి వెళ్లలేక వెనుదిరిగారు. వాళ్లు తమకు జరిగింది బయటపెట్టడం వల్లనే నిర్వాహకులు క్షమాపణ చెప్పారు, డబ్బు వాపసు మాట వచ్చింది. మన తిరునాళ్ల శ్రోత టికెట్ కొనలేదు, నిజమే. కానీ చందా ఇచ్చాడు. 2025లో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. అలాంటి ఏడాది కూడా కల్లంలో కాయ అమ్ముడుపోకముందే రైతు ప్రభకు రాసిన చందా అది. మాఘం వెళ్లేనాటికి పత్తి ఏరడం అయిపోయి, మిర్చి కల్లాలకు చేరి, చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయన్న ఆశ మీదే ఈ ప్రాంతపు కచేరీల కాలం నడుస్తుంది. రైతు ఆశ పెట్టుబడిగా పెట్టిన రాత్రి అది. అతనికి పాట వినపడకపోతే ఎవరు జవాబు చెప్పాలి?

ఆడవాళ్ల విషయం వేరే చెప్పాలి. రాత్రి ఒంటి గంటకు ఆర్కెస్ట్రా ఆగి రికార్డింగ్ డాన్సు మొదలయ్యేసరికి పిల్లల్ని ఎత్తుకుని లేచిపోయేది వాళ్లే. పాటకోసం వచ్చినవాళ్లలో సగంమందిని నిర్వాహకులే వెళ్లగొడుతున్నారు. ఇది నీతి ప్రశ్న అవునో కాదో పక్కన పెడదాం, శ్రోతను పోగొట్టుకోవడం మాత్రం ఖాయం.

చట్టం ఏమీ చెప్పలేదనడానికి వీల్లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్రం సడలింపు ఇవ్వవచ్చు. తెల్లవార్లూ జాగారం చేసే శివరాత్రికి ఈ గీత ఎక్కడా సరిపోదు, అందుకే దాన్ని ఎవరూ తాకరు. తాకని చట్టం వల్ల పాటకు మేలు లేదు, కొండ కింది ఊళ్లలో పసిపిల్లలకూ ముసలివాళ్లకూ నిద్ర లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కచేరీ వేదికలకు ఒక ప్రమాణం ఇచ్చింది: ఏ పావుగంట సగటు తీసుకున్నా 100 డెసిబెల్స్ దాటకూడదు, శబ్దాన్ని కొలుస్తూ ఉండాలి, చెవులకు విశ్రాంతినిచ్చే ప్రశాంతమైన చోటు ఉండాలి. మనకు కావాల్సింది ఇలాంటి ఆచరణయోగ్యమైన హద్దు.

ప్రభల ఎత్తు, కరెంటు తీగలు, దారి మళ్లింపుల మీద పోలీసు, విద్యుత్, రెవెన్యూ శాఖలు ఏటా శివరాత్రికి ముందు కమిటీలతో కూర్చుంటాయి. ఆ సమావేశంలోనే శబ్దాన్నీ ఒక అంశంగా చేర్చాలి. ఏ వేదిక బాక్సులు ఏ దిక్కుకు తిరగాలి, పక్కపక్క ప్రభల పాట సమయాలు ఎలా మార్చుకోవాలి, డెసిబెల్ మీటరు ఎవరి చేతిలో ఉండాలి అన్నవి అక్కడే తేల్చుకోవచ్చు. అద్దె బాక్సుల్లో సగం తగ్గించి, మిగిలిన డబ్బుతో వేదికకు దూరంగా, ఆలస్యాన్ని సరిచేసి అమర్చిన చిన్న స్పీకర్లు పెడితే వెనకవాళ్లకు మాట చేరుతుంది. ఆడవాళ్లకు చోటు, మరుగుదొడ్డి లేని వేదికకు అనుమతి ఇవ్వకూడదు. కరపత్రంలో ముఖ్య అతిథుల వరుస కింద కీబోర్డు, గిటారు, ప్యాడ్స్, డోలక్ వాయించేవాళ్ల పేర్లు కూడా అచ్చు వేయించాలి. మర్నాడు టీ కొట్టు దగ్గర జనం మెచ్చుకునేది వాళ్లనే, వాళ్ల పేరు మాత్రం ఎవరికీ తెలియదు. జిల్లా పేజీల విలేఖరులు ప్రభల ఎత్తుతో పాటు ఏ వేదిక మీద పాట బాగుందో నాలుగు వాక్యాలు రాస్తే, వచ్చే ఏడాది చందా పుస్తకం పట్టుకుని వచ్చే కుర్రాళ్లను ఊరివాళ్లు అడగాల్సిన ప్రశ్నలు అడుగుతారు.